ఇల్లీరియన్ అస్థి కుండ: మట్టి ఏం చెబుతుంది, ఏం చెప్పదు

బేరిపండు ఆకారంలో ఒక కుండ. అడుగు సన్నం, నడుము బొద్దు, మెడ దగ్గర కాస్త నొక్కు, అంచు బయటికి వాలి ఉంటుంది. సారె మీద తిప్పింది కాదు, చేత్తో పేర్చింది. ఒంటి నిండా గోధుమరంగు, బూడిదరంగు, నలుపు మచ్చలు. మూతి మీద ఒక రాతి పలక. పలక తీస్తే లోపల మట్టి, ఆ మట్టిలో కాలి తెల్లబడిన ఎముకల ముక్కలు.

ఆగ్నేయ యూరప్‌లోని బాల్కన్ ప్రాంతంలో ఉన్న కొసొవో రాజధాని ప్రిష్టీనా దగ్గర్లో దోన్యా బ్రన్యిత్సా అనే ఊళ్లో ఇలాంటి అస్థి కుండల శ్మశానం ఒకటి బయటపడింది. దాని వివరాల్ని 1960 ప్రాంతంలో ద్రాగోస్లావ్ స్రెయోవిచ్ అనే పురావస్తు శాస్త్రవేత్త ప్రచురించాడు. తర్వాత కొన్నేళ్లకు డాన్యూబ్ ఒడ్డున లెపెన్‌స్కీ వీర్ అనే రాతియుగపు ఊరి తవ్వకాలతో ప్రపంచానికి పరిచయమైన మనిషి ఆయనే. ఊరి పేరే ఆ కుండల సంప్రదాయానికి కూడా స్థిరపడింది: బ్రన్యిత్సా సంస్కృతి. కాలం సుమారుగా క్రీ.పూ. 14వ శతాబ్దం నుంచి 10వ శతాబ్దం దాకా. కొసొవోలో, దక్షిణ మోరవా నది లోయలో, ఇంకా దక్షిణాన స్కోపియే వైపు కూడా దీని జాడలున్నాయి.

ఇలాంటి వాటన్నిటినీ 'ఇల్లీరియన్ దహన శ్మశానం, మట్టిపాత్రలు' అని ఒకే గాటన కట్టేయడం మామూలు. ఇల్లీరియన్లంటే ప్రాచీన కాలంలో బాల్కన్ల పడమటి భాగంలో ఉన్నారని గ్రీకు, రోమన్ రచయితలు చెప్పిన జనం. చదవడానికి తేలికగానే ఉంటుంది. కానీ ఇందులో 'మట్టిపాత్రలు' అన్న ఒక్క మాటే పేచీ లేనిది. 'దహన' అన్నదాన్ని ఆచితూచి చదవాలి. 'ఇల్లీరియన్' అన్నదాన్ని మాత్రం ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఎందుకన్నారు అని అడిగాకే ఒప్పుకోవాలి. మూడు మాటల్లో తేలికైన దానితోనే మొదలుపెడదాం.

కుండ పుట్టుక

ఈ కుండలు చేసినవాళ్లకు సారె లేదు. మట్టిని తాళ్లలా పేని, ఒకదాని మీద ఒకటి చుట్టి, అతుకులు కనబడకుండా వేళ్లతో అదిమారు. వట్టి బంకమట్టితో చేస్తే ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది, మంట మీద పెడితే పేలిపోతుంది. అందుకని అందులో ఇసుకో, దంచిన రాయో, పాత కుండల పెంకుల పొడో కలపాలి. ఈ పెంకుల పొడి సంగతి నాకు చాలా ఇష్టం. పగిలిపోయిన కుండ మళ్లీ కొత్త కుండ ఒంట్లోకి చేరుతుంది. పెంకును కాగితం కన్నా పల్చగా అరగదీసి మైక్రోస్కోప్ కింద పెడితే ఆ పాత ముక్కలు విడివిడిగా కనిపిస్తాయి. అదృష్టం ఉంటే ఆ పాత ముక్కలో అంతకన్నా పాత ముక్క ఉంటుంది.

పెంకును అడ్డంగా విరిచి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. బయటా లోపలా లేత గోధుమ పొర, మధ్యలో నల్లటి చార. క్రీమ్ బిస్కెట్‌ను పక్కనుంచి చూసినట్టు ఉంటుంది. ఆ నలుపు మట్టిలో ఉన్న గడ్డీగాదం పూర్తిగా కాలకుండా మిగిలిన బొగ్గు. అంటే మంట ఎక్కువసేపు నిలవలేదు, గాలి లోపలి దాకా చేరలేదు. కట్టిన ఆవంలో కాకుండా నేల మీదో, చిన్న గుంటలోనో కట్టెలు పేర్చి కాల్చారని దీన్నిబట్టి చెప్పొచ్చు. కుండ ఒంటి మీద రంగు మచ్చలకు కారణం కూడా అదే. మంట తగిలిన చోట ఎరుపు, పొగలో కూరుకుపోయిన చోట నలుపు. కొన్నిటిని కాల్చకముందే గులకరాయితో రుద్ది మెరుగు పెట్టారు. ఆ గీతలు వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే ఇప్పటికీ కనిపిస్తాయి, చెయ్యి ఎటునుంచి ఎటు కదిలిందో కూడా తెలుస్తుంది.

మరి ఈ కుండను చావు కోసమే చేశారా, ఇంట్లో వాడిందే తెచ్చారా? బ్రన్యిత్సా రకం కుండలు శ్మశానాల్లోనే కాదు, జనం కాపురమున్న చోట్లలోనూ దొరికాయి. సెర్బియాలో లెస్కోవాత్స్ పట్టణం పక్కన హిసార్ అనే గుట్ట మీద అలాంటి ఊరి అవశేషాలున్నాయి. గింజలో నీళ్లో దాచుకునే కాగుకూ, అస్థికలు పెట్టిన కుండకూ ఆకారంలో పెద్ద తేడా లేనప్పుడు ఒంటి మీది అరుగుదల చూడాలి. అడుగు అంచు అరిగి ఉంటే నేల మీద చాలా కాలం జరిపారన్నమాట. మసి పట్టి ఉంటే పొయ్యి ఎక్కిందన్నమాట. లోపలి గోడ గరిటె తగిలి గీసుకుపోతే అందులో వంట కలియబెట్టారన్నమాట. ఒక్కో కుండనూ ఇలా చూసుకుంటూ పోవాల్సిందే, అడ్డదారి లేదు.

చితి నుంచి గుంట దాకా

మన ఇళ్లలో అస్థి సంచయనం చూసినవాళ్లకు తరువాతి భాగం సులువుగా అర్థమవుతుంది. చితి చల్లారాక ఎముకలు ఏరి కొత్త కుండలో వేస్తారు. అన్నీ ఏరరు, ఏరలేరు కూడా. బాల్కన్ల ఆచారానికీ మన ఆచారానికీ చుట్టరికం ఉందని నేననడం లేదు. ఏరడం అనే పని ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఒక లెక్క తేలిగ్గా బోధపడుతుందని మాత్రమే చెబుతున్నాను. పెద్ద మనిషి శరీరం పూర్తిగా కాలితే సుమారు ఒకటి నుంచి మూడు కిలోల దాకా ఎముక మిగులుతుంది. యూరప్‌లో తవ్విన పాత అస్థి కుండల్లో చాలావాటిలో కొన్ని వందల గ్రాములే ఉంటున్నాయి. మిగతాది ఏమైంది? కొంత చితిలోనే ఉండిపోయింది, కొంత నేలలో కరిగిపోయింది, కొంత వేరే చోటికి చేరి ఉండొచ్చు. కాబట్టి కుండలో ఉన్నది మనిషి మొత్తం అనుకోకూడదు. ఎవరో వంగి, చేతికి అందినంత ఏరి, ఇక చాలనుకుని ఆపిన గుప్పిళ్లు అవి.

ఎముక రంగు మంట గురించి చెబుతుంది. సుమారు 300 డిగ్రీల దగ్గర నల్లబడుతుంది, ఇంకా పైకి వెళితే బూడిద, నీలి ఛాయలు వస్తాయి. 700 డిగ్రీలు దాటితే సుద్దలా తెల్లబడి, వంకరలు తిరిగి, చిన్న చిన్న అడ్డ పగుళ్లు వేస్తుంది. ఒకే మనిషి ఎముకల్లో పుర్రె ముక్క తెల్లగా, పాదం ముక్క నల్లగా ఉంటే చితి మధ్యలో మంట బాగా పట్టి కాళ్ల దగ్గర తగ్గిందని ఊహించొచ్చు. ఇలాంటి చోట్ల చదువుతుంటే నాకు ఒక్క క్షణం పుస్తకం మూసేయాలనిపిస్తుంది. అంత దగ్గరగా ఉంటుంది ఆ సమాచారం.

మట్టిపాత్రలకూ చితికీ ఉన్న సంబంధంలో ఇంకో మెలిక ఉంది. సమాధిలో దొరికిన పాత్రలన్నీ ఒకే దారిన రాలేదు. అస్థి కుండ మంట చూడలేదు, ఎముకలు చల్లారాకే దాంట్లోకి వచ్చాయి. మూతగా బోర్లించిన చట్టి కూడా చాలాసార్లు అంతే. కానీ పక్కన దొరికే పెంకులు కొన్ని వేరేగా ఉంటాయి. ఒంటికి బుడగలు వచ్చి, వంగిపోయి, బరువు తగ్గి ఉంటాయి. అవి శవంతో పాటు చితి మీదికి వెళ్లిన ముంతలు, గిన్నెలు. ఇలాంటి రెండు పెంకుల్ని పక్కపక్కన అతికించి చూడండి. విరిగిన గీత అక్షరాలా కలుస్తుంది. అయినా ఒక ముక్క నల్లగా, ఇంకోటి ఇటుక ఎరుపులో ఉంటుంది. రెండూ ఒకే గిన్నెవి. మంట మండుతుండగా పగిలింది, ఒక ముక్క పొగలో బొగ్గుల కింద పడింది, ఇంకోటి గాలి తగిలే చోట పడి రెండోసారి కాలింది. మూడు వేల ఏళ్ల కిందట ఒక సాయంత్రం జరిగిన సంగతి ఆ అతుకు దగ్గర కనిపిస్తుంది. ఎవరో ఆ గిన్నెతో తాగి చితిలోకి విసిరారో, నిండుగానే పెట్టారో పెంకు చెప్పదు. పగిలింది ఎప్పుడో మాత్రం కచ్చితంగా చెబుతుంది.

బ్రన్యిత్సా శ్మశానాల్లో కుండను గుంటలో నిలబెట్టి పైన రాతి పలక కప్పడం, చుట్టూ రాళ్లు పేర్చడం కనిపిస్తాయి. పలక బరువుకు కుండ భుజం దగ్గర చిట్లిపోయి, పెంకులు లోపలికి కూలి ఎముకల మీద పడి ఉంటాయి. రాయి తెచ్చిపెట్టినవాళ్లు కాపాడాలనే పెట్టారు, చివరికి ఆ రాయే పగలగొట్టింది.

కాలం లెక్క ఎక్కడి నుంచి వచ్చింది

క్రీ.పూ. 14 నుంచి 10వ శతాబ్దం అన్నాను. ఆ అంకెలు ఎలా వచ్చాయో చెప్పకపోతే వ్యాసం సగంలో ఆగినట్టే. రేడియోకార్బన్ పరీక్ష ఉంది కదా అనుకుంటాం. కానీ మామూలుగా ఎముకలో పరీక్షించేది కొలాజెన్ అనే మాంసకృత్తిని. చితిలో అది మొత్తం కాలిపోతుంది. అందువల్ల చాలాకాలం కాలిన ఎముకకు తేదీ కట్టడం కుదరలేదు, కుండ ఆకారాల మీదే ఆధారపడ్డారు.

ఆ ఆధారం ఒక పొడవాటి గొలుసు. కొసొవో కుండలు దక్షిణాన వార్దార్ నది లోయలో దొరికే కుండల్ని పోలి ఉంటాయి. అదే నది గ్రీసులోకి వెళ్లాక దాన్ని ఆక్సియోస్ అంటారు. దాని ఒడ్డున కస్తనాస్ అనే దిబ్బను బెర్న్‌హార్డ్ హెన్సెల్ 1975 నుంచి 1979 దాకా తవ్వాడు. అక్కడ పొరలు పొరలుగా ఊరి మీద ఊరు. ఆ పొరల్లో ఉత్తరాది రకం చేతి కుండలతో పాటు సారె మీద చేసి రంగు వేసిన మైసీనియన్, అంటే కంచు యుగపు గ్రీకు, పాత్రలు దొరుకుతాయి. మైసీనియన్ పాత్రలు ఈజిప్టులో ఫారో అఖెనాటెన్ రాజధాని అమర్నాలో కూడా దొరికాయి. ఈజిప్టు రాజుల కాలం రాతల్లో ఉంది. ఇలా అమర్నా నుంచి మైసీనీకి, మైసీనీ నుంచి కస్తనాస్‌కి, అక్కడి నుంచి కొసొవోకి ఒక్కో కొలికీ పట్టుకుని పాకాలి. ఏ ఒక్క కొలికి జారినా వందేళ్లు ఇటూ అటూ అయిపోతుంది.

2001లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ పరిశోధకులు వేరే దారి చూపించారు. తెల్లగా కాలిన ఎముకలో ఖనిజంతో పెనవేసుకుని కొద్దిగా కార్బనేట్ మిగులుతుంది, దాన్ని పరీక్షించొచ్చు. దాంతో దహన సమాధులకు నేరుగా తేదీలు రావడం మొదలైంది. దీనికీ ఒక చిక్కుంది. ఎముక మండేటప్పుడు కట్టెల పొగలోని కార్బన్ కూడా అందులో చేరుతుంది. రెండు వందల ఏళ్ల ఓక్ మాను నడి చేవతో చితి పేరిస్తే, నిన్న చనిపోయిన మనిషి కూడా ఇంకా పాతకాలం వాడిలా కనిపిస్తాడు. అందుకే ఇప్పుడు కుండ ఆకారం, ఎముక తేదీ, చితి బొగ్గు మూడూ పక్కపక్కన పెట్టి చూస్తారు.

ఇక 'ఇల్లీరియన్' అన్న మాట

అసలు టెన్షన్ ఇక్కడే. ఇల్లీరియన్లు తమ భాషలో రాసుకున్న ఒక్క శాసనం కూడా దొరకలేదు. మనకు మిగిలింది మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, గ్రీకు రోమన్ రచయితలు ఉదహరించిన పిడికెడు మాటలు. 20వ శతాబ్దం మొదట్లో ఉత్తర అల్బేనియాలోని దల్మాత్సె కోట దగ్గరి సమాధుల్లో దొరికిన ఒక కంచు ఉంగరం మీద మూడు వరుసల అక్షరాలున్నాయి. అది ఇల్లీరియన్ శాసనమేననీ, ఒక దేవతకు మొక్కు అనీ దశాబ్దాల పాటు నమ్మారు. 1950ల చివర్లో బల్గేరియా పండితురాలు ల్యూబా ఒగ్నెనోవా దాన్ని కింది నుంచి పైకి చదివి చూపించింది. 'ప్రభూ, అన్నాకు సాయపడు' అనే బైజాంటిన్ కాలపు గ్రీకు ప్రార్థన అది. ఇల్లీరియన్ భాషకున్న ఏకైక శాసనం అలా పోయింది.

పేరు కూడా వాళ్లు పెట్టుకున్నది కాదేమో. రోమన్ రచయిత ప్లినీ 'అసలు ఇల్లీరియన్లు' అని ఆడ్రియాటిక్ తీరంలో ఒక చిన్న తెగను ప్రస్తావించాడు. గ్రీకులకు మొదట తగిలిన ఆ పొరుగువాళ్ల పేరే తర్వాత వెనకున్న కొండల జనం అందరికీ అంటుకుని ఉండొచ్చని చాలామంది అభిప్రాయం. రోమన్లు ఆ పేరును ఇంకా సాగదీసి డాన్యూబ్ దాకా పరిచారు, అది పరిపాలనా విభాగమైంది. క్రీ.శ. 2వ శతాబ్దంలో అప్పియన్ అనే చరిత్రకారుడు ఏకంగా వంశవృక్షమే చెప్పాడు. ఒంటికన్ను రాక్షసుడు పాలిఫీమస్‌కూ సముద్రకన్య గలాతియాకూ పుట్టిన ఇల్లీరియస్ మూలపురుషుడట, అతని కొడుకుల్లో ఒకడు దార్దనస్, అతని నుంచే దార్దానియన్లట. కొసొవో ప్రాంతంలో తర్వాతి కాలంలో ఉన్నది ఆ దార్దానియన్లే.

బ్రన్యిత్సా కుండలకు ఇల్లీరియన్ ముద్ర పడింది ఈ దారిలోనే. మిలూటిన్ గరాషానిన్ లాంటి పండితులు ఇక్కడి కంచు యుగపు జనమే క్రమంగా దార్దానియన్లుగా రూపుదిద్దుకున్నారని వాదించారు. కొసొవోలో, పక్క ప్రాంతాల్లో జీవనం తెగకుండా సాగిందన్నది దానికి ఆధారం. వాదన తీసిపారేయదగ్గది కాదు. కానీ మధ్యలో ఉన్న దూరం చూడండి. ఈ శ్మశానాల చివరి కుండలు క్రీ.పూ. 10వ శతాబ్దం నాటివి. దార్దానియన్ల పేరు చరిత్రలో నిలకడగా వినిపించేది క్రీ.పూ. 4, 3 శతాబ్దాల్లో, మాసిడోనియా రాజులతో యుద్ధాల సందర్భంగా. ఆరు వందల ఏళ్ల ఎడం. పైగా ఆ దార్దానియన్లే ఇల్లీరియన్లా, బాల్కన్ల తూర్పు భాగపు త్రేషియన్లా, రెండూ కలిసినవాళ్లా అన్నది కూడా తేలలేదు. పడమట దొరికే మనుషుల పేర్లు ఇల్లీరియన్ వైపు, తూర్పున దొరికేవి త్రేషియన్ వైపు మొగ్గుతాయి.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఇల్లీరియన్ల గుండెకాయ అనదగ్గ ప్రాంతం ఏది అంటే బోస్నియాలోని గ్లాసినాత్స్ పీఠభూమిని చూపిస్తారు. అక్కడ వెయ్యికి పైగా మట్టి, రాతి దిబ్బల సమాధులున్నాయి. వాటిలో ఎక్కువగా శవాన్ని పూడ్చిపెట్టారు, కాల్చినవి తక్కువ. కాబట్టి దహనమే ఇల్లీరియన్ల గుర్తు అనడానికి వీల్లేదు. పూడ్చడమే వాళ్ల గుర్తు అంటే దోన్యా బ్రన్యిత్సా బయటికి పోతుంది. 1964లో సరయెవోలో ప్రాచీన ఇల్లీరియన్ల ప్రాంతాన్నీ కాలాన్నీ హద్దుకట్టడానికే ప్రత్యేకంగా ఒక సదస్సు జరిగింది. ఒక జాతి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చడానికి సదస్సు పెట్టాల్సి వచ్చిందంటే, కుండలు తమంతట తాము ఆ హద్దు చెప్పలేదనే కదా.

కుండకు జాతి పేరు అంటగడితే ఎంత దూరం పోతుందో ఉత్తరాన లుసేషియన్ సంస్కృతి కథ చెబుతుంది. ఇప్పటి పోలండ్, తూర్పు జర్మనీల్లో కంచు యుగం చివరి నాటి అస్థి కుండల శ్మశానాలు కొల్లలు. గుస్టాఫ్ కొసినా అనే జర్మన్ పురావస్తు పండితుడు 1911లో ఒక సూత్రం ప్రకటించాడు: స్పష్టమైన హద్దులున్న వస్తు సంస్కృతి ఉంటే దాని వెనక స్పష్టమైన ఒక జాతి ఉన్నట్టే. ఆ ధోరణిలో లుసేషియన్ కుండలు ఇల్లీరియన్లవి అన్నారు. 1930ల్లో యూలియస్ పొకోర్నీ లాంటి భాషావేత్తలు నదుల పేర్లు చూపించి ఇల్లీరియన్లను యూరప్ సగం మీద పరిచేశారు. అదే సమయంలో పోలండ్‌లో యూజెఫ్ కోస్త్‌షెవ్‌స్కీ 1934 నుంచి బిస్కుపిన్ అనే లుసేషియన్ ఊరిని తవ్వుతూ అది తొలి స్లావుల ఊరని వాదించాడు. యుద్ధకాలంలో నాజీలు అక్కడే తవ్వించి జర్మానిక్ పూర్వీకుల జాడ వెతికించారు. అవే కుండలు, ఇన్ని జాతులు. చివరికి ఇల్లీరియన్ వాదానికి మూలస్తంభం లాంటి జర్మన్ భాషావేత్త హాన్స్ క్రాహె తానే వెనక్కి తగ్గాడు. ఆ నదుల పేర్లు ఇల్లీరియన్ కాదు, అంతకన్నా పాత యూరోపియన్ పొర అని సిద్ధాంతం మార్చుకున్నాడు. పండితుడు తన పేరు తెచ్చిన వాదాన్ని తానే వదులుకోవడం చిన్న విషయం కాదు. ఆయన మీద నాకు గౌరవం కలిగేది అక్కడే.

బాల్కన్లలో ఈ చర్చ ఇప్పటికీ చల్లారలేదు. అల్బేనియాలో సోషలిస్టు పాలన కింద ఇల్లీరియన్లే నేటి అల్బేనియన్ల పూర్వీకులన్న వాదం ప్రభుత్వ విధానంగా మారింది, 1972లో టిరానాలో ఇల్లీరియన్ అధ్యయనాల మొదటి మహాసభ జరిగింది. కొసొవో యుద్ధం నాటి రోజుల్లో, 1998–99లో, ప్రదర్శన కోసమని కొసొవో మ్యూజియం నుంచి 1,247 వస్తువులు బెల్‌గ్రేడ్ వెళ్లాయి. వాటిలో కొత్తరాతి యుగపు 'సింహాసనం మీది దేవత' మట్టిబొమ్మ 2002లో తిరిగి వచ్చింది. మిగతా వాటి మీద పేచీ ఏళ్ల తరబడి సాగింది. మట్టి బొమ్మ ఎక్కడుండాలన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ మూడు వేల ఏళ్ల నాటి కుమ్మరిని పిలిచి నేటి సరిహద్దు తగాదాలో సాక్షిగా నిలబెట్టడం ఆమెకు గానీ అతనికి గానీ చేసే న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

కుండను ఏం అడగాలి

డీఎన్ఏ వచ్చి ఈ తగువు తీర్చేస్తుందని కొందరి ఆశ. 2022లో 'సదర్న్ ఆర్క్' పేరుతో బాల్కన్ల నుంచి పశ్చిమాసియా దాకా 727 మంది ప్రాచీనుల జన్యువులు ప్రచురించారు. గొప్ప పని. కానీ చితిలో కాలిన ఎముకలో డీఎన్ఏ మిగలదు. పూడ్చిపెట్టినవాళ్ల జన్యువులే మనకు దొరుకుతాయి, కాల్చినవాళ్ల సమాజాలు ఆ పటంలో ఖాళీలు. కాబట్టి దోన్యా బ్రన్యిత్సా లాంటి చోట్ల కుండ విలువ తగ్గలేదు, ఇంకా పెరిగింది.

అయితే కాలిన ఎముక పూర్తిగా మూగది కాదు. రాతి నుంచి నీటికి, నీటి నుంచి పైరుకు, పైరు నుంచి మన ఒంట్లోకి స్ట్రాన్షియం అనే మూలకం చేరుతుంది. ఒక్కో నేలకు దాని నిష్పత్తి ఒక్కోలా ఉంటుంది. తెల్లగా కాలిన ఎముక ఈ గుర్తును నేల తేమ వల్ల చెడకుండా కాపాడుకుంటుందని క్రిస్టోఫ్ స్నూక్ బృందం 2015లో నిరూపించింది. చెవి లోపలి గట్టి ఎముక చిన్ననాటి నేలను, మిగతా ఎముక చివరి ఏళ్ల నేలను గుర్తుపెట్టుకుంటాయి. రెండూ వేరైతే ఆ మనిషి వేరే చోట పుట్టి ఇక్కడికి వచ్చినట్టు. ఇప్పుడు అదే సమాధిలోని కుండ మట్టి ఎక్కడిదో పరీక్షించండి. మనిషి పరాయి చోటి నుంచి వచ్చి, కుండ మట్టి ఇక్కడిదై, అంచు తీర్చిన పద్ధతి మాత్రం పుట్టింటి వైపుదైతే? కోడలుగా వచ్చినవాళ్లు చేతి అలవాటును వెంట తెచ్చుకున్నారేమోనన్న ఊహ అక్కడ మొదలవుతుంది. నగిషీ చూసి ఎవరైనా అనుకరించొచ్చు. మట్టి తాడు ఎటు చుట్టాలి, అడుగు ముందు చెయ్యాలా తర్వాత అతకాలా అన్నది అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నది, అది అంత తేలిగ్గా మారదు.

తిండి సంగతి కూడా పెంకు దాచుకుంటుంది. చేతి కుండ గోడలో సన్నని రంధ్రాలుంటాయి, వండినప్పుడు కొవ్వు, గింజల మైనం అందులోకి ఇంకిపోతాయి. వరిగల్లో ఉండే మిలియాసిన్ అనే పదార్థం వేల ఏళ్ల తర్వాత కూడా పెంకులో పట్టుబడుతుంది. వరిగలు చైనా నుంచి మధ్య ఆసియా మీదుగా యూరప్ చేరింది క్రీ.పూ. 16వ శతాబ్దం తర్వాతేనని గింజలకు నేరుగా కట్టిన తేదీలతో 2020లో తేల్చారు. బ్రన్యిత్సా కుండలు చేసినవాళ్ల తాతముత్తాతల కాలానికి అది కొత్త పంట అన్నమాట.

ఆ వరిగల దారిన వెళితే ఇంకో శ్మశానం గుర్తొస్తుంది. బోస్నియాలో బిహాచ్ పట్టణం దగ్గర, ఉనా నది లోయలో యెజెరినె అనే చోట వాత్స్లావ్ రాదిమ్‌స్కీ అనే చెక్ గనుల ఇంజనీరు 1890ల మొదట్లో ఐదు వందలకు పైగా సమాధులు తవ్వాడు. ఇది యాపోడ్ అనే తెగ శ్మశానం, ఇనుప యుగం నుంచి రోమన్ల రాక దాకా సాగింది. ఈ తెగ గురించి మనకు రాతల్లో కూడా తెలుసు. సగం కెల్ట్‌లు, సగం ఇల్లీరియన్లనీ, ఆయుధాలు కెల్ట్‌లవనీ, ఇల్లీరియన్లలా పచ్చబొట్లు పొడిపించుకుంటారనీ, బీద నేల మీద వరిగలూ ఒక రకం గోధుమా తిని బతుకుతారనీ గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. క్రీ.పూ. 35లో వాళ్ల ముఖ్యపట్టణం మెటూలమ్‌ను ముట్టడించిన ఆక్టేవియన్ (తర్వాత రోమన్ చక్రవర్తి అగస్టస్ అయినవాడు) అక్కడ గాయపడ్డాడు కూడా.

యెజెరినెలో పూడ్చిన సమాధులూ ఉన్నాయి, దహన సమాధులూ ఉన్నాయి. ఒకే నేల, ఒకే తెగ, రెండు పద్ధతులు. బిహాచ్ చుట్టుపక్కల కొందరికి మట్టి కుండ బదులు రాతి పెట్టెలు తొలిచి, వాటి మీద గుర్రపు రౌతుల్నీ పానపాత్ర పట్టుకున్న మనుషుల్నీ గీశారు. తెగ పేరు పక్కాగా తెలిసిన చోటే పద్ధతులు ఇన్ని రకాలుగా ఉంటే, పేరు తెలియని చోట అస్థి కుండ ఒక్కదాన్ని పట్టుకుని జాతి చెప్పడం ఎలా?

రాదిమ్‌స్కీ కాలపు తవ్వకాల్లో చాలాచోట్ల కుండను కడిగి, అతికించి, బీరువాలో పెట్టేవాళ్లు. లోపలి మట్టినీ కాలిన ఎముకల్నీ పనికిరానివని పారబోసేవాళ్లు. అందుకే యూరప్ మ్యూజియంలలో అందమైన అస్థి కుండలు ఎన్నో ఖాళీగా ఉన్నాయి. ఇప్పుడు అలా చెయ్యరు. కుండ చుట్టూ గుడ్డ చుట్టి, ప్లాస్టర్ పట్టీలు వేసి, చుట్టూ ఉన్న మట్టితో సహా ఒక ముద్దలా ఎత్తుతారు. ఆస్పత్రిలో మనకు తీసినట్టే సీటీ స్కాన్ తీస్తారు. తర్వాత ల్యాబ్‌లో బల్ల మీద పెట్టి, పై నుంచి రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున మట్టి తీస్తూ, ఏ ముక్క ఏ పొరలో ఉందో రాసుకుంటూ దిగుతారు. మధ్య యూరప్‌లోని కొన్ని కుండల్లో అడుగున పాదాల ఎముకలు, వాటి మీద కాళ్లవి, ఆపైన నడుము, అన్నిటికన్నా పైన పుర్రె ముక్కలు వరుసగా బయటపడ్డాయి. ఏరినవాళ్లు చితి పక్కన కాళ్ల వైపు నుంచి తల వైపు నడుస్తూ ఏరారు, మనిషిని కుండలో మళ్లీ నిలబెట్టారు.